కథలో పలికిన మాట, పలకని మాట

ప్రతి సంవత్సరం ఈ సంచిక కోసం విద్యార్థులు రాసి తెచ్చే కథలను చదవడం తెలుగు అధ్యాపకుడిగా నాకు లభించే భాగ్యం. ఆ కథలలో జీవితానికి కొదవ ఉండదు. పత్తి తీతకు వెళ్లే తల్లి, మిరప కల్లంలో రాత్రి కాపలా పడుకొనే తండ్రి, గ్రానైట్ ఫ్యాక్టరీలో రాతిదుమ్ము పీల్చే అన్న కనిపిస్తారు. మార్టూరు పరిసరాల బ్రతుకంతా ఆ కాగితాల మీద ఉంటుంది. అయితే ఒక పుట తిరిగేసరికి ఏ మాట ఎవరన్నారో, ఏది పైకి అన్నారో, ఏది మనసులోనే అనుకున్నారో తెలియక పాఠకుడు తడబడతాడు. కారణం అడిగితే, "కామాలూ కొటేషన్లూ అచ్చువేసేవాళ్లు చూసుకుంటారు కదండీ!" అని సమాధానం వస్తుంది. ఈ సమాధానంతో నేను ఏకీభవించలేను. విరామ చిహ్నం రచయిత బాధ్యత అని నా నిశ్చితాభిప్రాయం.

మన ప్రాచీన కవులకు ఈ చిహ్నాలు లేని మాట నిజమే. తాటాకు మీద పదాల నడుమ ఎడం లేకుండా రాసేవారు. 'ఇట్లనియె', 'అనిన' వంటి మాటలే సంభాషణకు ఎల్లలుగా ఉండేవి. కామా, ప్రశ్నార్థకం, ఉద్ధరణ చిహ్నం మనకు అచ్చుయంత్రంతో, ఆంగ్ల విద్యతో వచ్చాయి. అంతకు ముందు లోటు తోచకపోవడానికి కారణం 'అని' అనే చిన్న మాట. ఆంగ్లంలో ఉద్ధరణ చిహ్నం చేసే పనిలో సగం తెలుగులో ఈ 'అని' చేస్తుంది. ఆలోచనకు కూడా మనం 'అనుకొను' అనే క్రియనే వాడుతున్నాం. తనతో తాను అనడమే మనకు ఆలోచించడం.

ఉర్దూ చదివే విద్యార్థులు ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. ప్రామాణిక ఉర్దూలో ఈ పనిని 'కె' చేస్తుంది. అది చెప్పిన మాటకు ముందు వస్తుంది. 'ఉస్‌నే కహా కె మైఁ ఆవూఁగా' అంటారు. మన ఇళ్లలో పలికే దక్కనీలో 'మైఁ ఆతూఁ బోల్‌కే బోల్యా' అంటాం. ఇందులో 'బోల్‌కే' మాట తరువాత వచ్చింది. 'వస్తానని అన్నాడు' అనే వాక్యంలో 'అని' నిలిచిన చోటనే అది నిలిచింది. ఇది ద్రావిడ భాషల సాహచర్యం వల్ల దక్కనీకి అబ్బిన లక్షణమని భాషాశాస్త్రజ్ఞులు చెబుతారు. శతాబ్దాలు పక్కపక్కన బ్రతికిన రెండు భాషలు, ఇతరుల మాటను అప్పగించే పద్ధతిని కూడా పంచుకున్నాయన్నమాట.

మరి 'అని' ఉండగా చిహ్నాలెందుకు? 'నేను రేపు యార్డుకు పోతానని మస్తాన్ అన్నాడు' అనే వాక్యం చూడండి. కథ చెప్పేవాడు కూడా 'నేను' అయినప్పుడు, యార్డుకు పోయేది మస్తానా, కథకుడా? ఉద్ధరణ చిహ్నాలు పెట్టి, "నేను రేపు యార్డుకు పోతాను" అన్నాడు మస్తాన్, అని రాస్తే సందేహం తీరుతుంది. 'తాను పోతానని' అన్నా తీరుతుంది. ఉర్దూ విద్యార్థులకు 'రోకో, మత్ జానే దో' అనే పాత ఉదాహరణ తెలిసే ఉంటుంది. కామా ఒక్క మాట కుడికి జరిగి 'రోకో మత్, జానే దో' అయితే, ఆపవలసిన మనిషి వెళ్లిపోతాడు. వారు సక్తా అన్నా, మనం కామా అన్నా దాని శక్తి ఒక్కటే.

ఈ సత్యం నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు. ఎం.ఏ. చదివే రోజులలో నేనొక కథ రాశాను. కౌలురైతు భార్య మిరప టిక్కీల లెక్క చూపించే వ్యాపారి ముందు నిలబడి ఉంటుంది. తూకంలో మోసం జరిగిందని ఆమెకు తెలుసు. పైకి మాత్రం "సరేనయ్యా" అంటుంది. తక్కినదంతా ఆమె మనసులోని మాట. దానిని నేను చిహ్నాలు లేకుండా రాశాను. కథ అచ్చయి వచ్చేసరికి ఆ మనసులోని మాటలన్నింటికీ ఉద్ధరణ చిహ్నాలు తగిలించి ఉన్నాయి. నోరు విప్పలేని స్త్రీ వ్యాపారిని నిలదీసిన స్త్రీగా మారిపోయింది. చదువు రాని మా అమ్మీకి ఆ కథ చదివి వినిపించాను. అంతా విని, "అంత మాట ముఖం మీద అనగలిగిన మనిషికి ఈ ఏడుపెందుకు బేటా?" అని అడిగింది. నా కథను అంత సూటిగా విమర్శించినవారు నేటికీ మరొకరు లేరు. ఆ స్త్రీ మౌనమే నా కథ. రెండు జతల చిన్న గుర్తులు దానిని చెరిపివేశాయి.

మన గొప్ప కథకులు ఈ భేదాన్ని ఎరిగి రాశారు. 1910లో వెలువడిన గురజాడ 'దిద్దుబాటు' తలుపు తట్టే మనిషి పిలుపుతో ప్రారంభమవుతుంది. ఆ మనిషి ఎవరో తెలియకముందే అతని గొంతు వింటాం. 1940ల దశకంలో గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు అంతరంగాన్నే కథాక్షేత్రం చేశారు. నవీన్ 'అంపశయ్య' 1969లో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక్క దినపు చైతన్య స్రవంతిని నవలగా నిలబెట్టింది. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' 1999లో పుస్తకంగా వచ్చినప్పుడు, కథ చెప్పే భాషా, ఇంట్లో మాట్లాడే భాషా ఒక్కటే కావచ్చునని మనకు ధైర్యం కలిగింది.

ఈ ధైర్యం మన విద్యార్థులకు ఇంకా పూర్తిగా రాలేదు. వారి కథలలో బస్సు, స్కూలు, సెల్‌ఫోను ఏ చిహ్నమూ లేకుండా తెలుగు వాక్యంలో కలిసిపోతాయి. 'అమ్మీ', 'దస్తర్‌ఖాన్', 'సలాం' మాత్రం ఉద్ధరణ చిహ్నాల మధ్య నిలబడి ఉంటాయి. బస్సుకు అక్కరలేని కంచె అమ్మీకి ఎందుకు? తన ఇంటి మాటను తానే పరాయి మాటగా చూపించే ఈ అలవాటు వ్యాకరణ దోషం కంటే పెద్దది. పాత్ర మాట్లాడితే ఉద్ధరణ చిహ్నాలు పెట్టండి. ఇంటి మాట కథనంలో వస్తే వాటిని తీసివేయండి.

విద్యార్థులకు నేను చేసే సూచనలు స్వల్పం. పైకి పలికిన మాటకే ఉద్ధరణ చిహ్నాలు ఉంచండి. మనసులోని మాటను 'అనుకొను'తో గాని, ఏ క్రియా లేకుండా గాని రాయండి. 'ఆకాశం నల్లబడింది. కల్లంలో కాయలు తడుస్తాయా? పట్టాలు చాలతాయా?' అని రాస్తే, ఆ ప్రశ్నార్థకాలే రైతు గుండెను చూపిస్తాయి. అతడు అనుకున్నాడని వేరే చెప్పనక్కరలేదు. ఆశ్చర్యార్థకాలను మూడేసి గుప్పించవద్దు. చుక్కల వరుసను మాట నిజంగా ఆగిపోయిన చోటనే వాడండి. రాసిన తరువాత ఇంట్లో ఒకరికి చదివి వినిపించండి. వినేవారు "ఇది ఎవరన్నారు?" అని అడిగిన చోట మీ వాక్యం దిద్దుకోవాలి.

కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. కథలు అచ్చుకు వెళ్లేముందు ప్రూఫులను రాసిన విద్యార్థికి ఒకసారి చూపించే ఏర్పాటు చేయండి. దానికి పట్టేది రెండు రోజుల వ్యవధి. తల్లి నోట రాని మాటను తొలిసారి కాగితం మీద పెట్టిన బిడ్డకు, ఆ మాట చెడిపోకుండా చూసుకునే హక్కు ఉన్నది. ఆ హక్కును మన సంచిక ఈ ఏటి నుంచే గుర్తించాలని కోరుతున్నాను.