డాట్ తర్వాత తెలుగు: కనిపించని అక్షరంతోనే పేచీ

‘సాఫ్ట్‌వేర్’ అని ఫోన్‌లో టైప్ చేసి చూడండి. ‘ట్’ పొల్లుకీ ‘వే’కీ మధ్య కంటికి కనిపించని కోడ్ ఒకటి ఉంటుంది. పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది తీసేస్తే ‘వ’ వత్తుగా మారి కిందికి జారిపోతుంది, ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఇంత చిన్న కోడ్‌కి ఇంటర్నెట్‌లో ఒక చోట మాత్రం ఎంట్రీ లేదు. వెబ్ అడ్రస్‌లో చివరి డాట్ తర్వాత!

ముందు బేసిక్స్ చూద్దాం. డాట్ కామ్, డాట్ ఇన్ లాంటి చివరి ముక్కని టాప్ లెవెల్ డొమైన్ అంటారు. తెలుగు లిపిలోనూ ఒకటుంది: ‘.భారత్’. 2011లోనే ఇంటర్నెట్ రూట్ జోన్‌లో చేరింది. కానీ డొమైన్ సిస్టమ్ నడిచేది ఇంగ్లిష్ అక్షరాలు, అంకెలు, హైఫన్లతోనే. అందుకే ‘భారత్’ అని కొడితే బ్రౌజర్ దాన్ని లోపల్లోపల ‘ఎక్స్ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ’గా మార్చేస్తుంది. ఈ పద్ధతే పునికోడ్. మనకి మూడక్షరాలే, మెషీన్‌కి మాత్రం ఐదు: భ, దీర్ఘం, ర, త, పొల్లు.

మరి కనిపించని కోడ్ ఎందుకొద్దు?

‘భారత్’ చివర ఆ కోడ్ పెట్టారనుకోండి. చూపుకి ఇసుమంతైనా తేడా ఉండదు. మెషీన్‌కి మాత్రం అది వేరే పేరు. ఆ పేరు మోసగాడి చేతిలో పడితే? అందుకే డొమైన్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ సంస్థ రూట్ జోన్ రూల్స్‌లో దాన్ని పక్కన పెట్టారు. అంకెలు, హైఫన్లు కూడా అక్కడ కుదరవు. గుణింతం గుర్తుతో పేరు మొదలవ్వకూడదు. రెండు లిపులు కలపకూడదు.

ఇంకో చిక్కు మన పక్కింటి లిపితో. తెలుగు ‘ర’, కన్నడ ‘ర’ దాదాపు ఒకేలా ఉంటాయి. యూనికోడ్‌లో మాత్రం మనది 3120, వాళ్లది 3248. అందుకే ఇలాంటి జంటల్ని రూల్స్‌లో ‘వేరియంట్లు’గా గుర్తించారు. ఒక లిపిలో పేరు ఇచ్చాక, రెండో లిపిలో దాని కవల వేరేవాళ్ల చేతికి వెళ్లదు. ఇది అతి జాగ్రత్తేం కాదు. 2017లో సిరిలిక్ అక్షరాలతో అచ్చం ఆపిల్ సైట్ అడ్రస్‌లా కనిపించే పేరు రిజిస్టర్ చేసి చూపిస్తే, బ్రౌజర్లు అప్‌డేట్ ఇవ్వాల్సొచ్చింది.

మరి తెలుగుకి నష్టమా? నా లెక్కలో తక్కువే. మనది అజంత భాష. గోదావరి, అమరావతి, పాలమూరు... అన్నీ అచ్చులతోనే ముగుస్తాయి. పొల్లు మధ్యలో ఇరుక్కునేది ఎక్కువగా అరువు మాటల్లోనే. పైగా ఈ నిషేధం చివరి ముక్కకే. డాట్‌కి ఎడమవైపు పేర్లలో, పొల్లు తర్వాత ఆ కోడ్‌ని ఐడీఎన్ఏ 2008 ప్రమాణం ఒప్పుకుంటుంది. ఇవ్వాలా వద్దా అన్నది రిజిస్ట్రీ ఇష్టం.

అసలు నష్టం మనలాంటి కోడర్ల దగ్గరుంది. ‘డాట్ తర్వాత ఏ నుంచి జెడ్ వరకే, రెండు నుంచి నాలుగు అక్షరాలే’ అని చెక్ చేసే పాత లైన్లు ఇంకా ఎన్నో ఫామ్‌లలో తిరుగుతున్నాయి. రూల్స్ అన్నీ పాటించి రూట్ జోన్ దాకా వెళ్లిన ‘.భారత్’కి, మనం రాసిన ఒక్క లైన్ దగ్గర ‘ఇన్‌వాలిడ్’ అని ఎర్రక్షరాలు పడతాయి. ఇంగ్లిష్ రాని షాపు ఓనర్ తన అడ్రస్ తెలుగులో కొనుక్కుంటే, ఆ ఎర్రక్షరాలు చూసి తప్పు తనదే అనుకుంటాడు.

ఈ వారం ఒక పని చేయండి. మీరు కోడ్ రాసేవాళ్లైతే, మీ ప్రాజెక్టు ఫామ్‌లో ‘.భారత్’ అడ్రస్ ఒకటి ఇచ్చి చూడండి. రాసేవాళ్లు కాకపోతే, లింక్‌లో ‘ఎక్స్ఎన్--’ కనిపించినప్పుడు ఒక్క క్షణం ఆగండి. అది మోసమే కానక్కర్లేదు, మన తెలుగు పేరే కావచ్చు. ఎవరిదో తేల్చుకున్నాకే నొక్కండి.