డిప్రెషన్‌కి మందు పెళ్ళా?

రెజిమెంటల్ బజార్లో రూము తీసుకుని ఉంటున్న మా ఫ్రెండొకడు గే. నెలల తరబడి నిద్ర లేదు, పని మీద ధ్యాస లేదు. ధైర్యం చేసి ఒక డాక్టరు దగ్గరికెళ్తే "పెళ్ళి చేసుకో, అన్నీ సర్దుకుంటాయి" అన్నాడట. వీడు మళ్ళీ ఏ డాక్టరు గడపా తొక్కలేదు. ఆఫీసు కౌన్సెలరుతో చెబితే హెచ్చార్ దాకా పోతుందని భయం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం లైంగికత చూసి వైద్యంలో తేడా చూపకూడదు, పేషెంటు సంగతులు బయటపెట్టకూడదు. గే, బైసెక్సువల్ వాళ్ళని 'మార్చే' చికిత్స చెయ్యడం డాక్టర్లకి వృత్తిపరమైన తప్పని 2022లో జాతీయ వైద్య కమిషన్ తేల్చేసింది.

బగ్ ఒక మాడ్యూల్లో ఉంటే, బాగా నడుస్తున్న ఇంకో మాడ్యూల్ని తిరగరాస్తామా? వైద్యం కావాల్సింది డిప్రెషన్‌కి, వాడి ఇష్టానికి కాదు.

14416కి ఫోన్ చేస్తే టెలిమానస్‌లో తెలుగులోనే మాట్లాడొచ్చు, పైసా ఖర్చు లేదు. మీ టీములోనూ ఇలాంటివాడు ఉండొచ్చు. "పెళ్ళెప్పుడు?" అనే బదులు "నిద్ర పడుతోందా?" అని అడిగి చూడండి.