గ్లాసుమీది తెల్లపొర

మా అమ్మకు మణికట్టు నొప్పులు. అందుచేత నిరుడు వాయిదాలమీద గిన్నెలు కడిగే యంత్రం కొన్నాము. మూడు నెలలకే గాజుగ్లాసులమీద సున్నం పూసినట్లు తెల్లపొర కనిపించసాగింది. ఒకనాడు తెల్లవారుజామున వంటింట్లో చప్పుడైతే లేచి చూద్దును గదా, అమ్మ ఆ గ్లాసులన్నీ మళ్ళీ చేత్తో తోముతున్నది! "చుట్టాలు చూస్తే కోడలిని అంటారు, నాయనా" అన్నది.

తప్పు కోడలిదీ కాదు, యంత్రానిదీ కాదు, నీటిది. మా కోయంబత్తూరులో సిరువాణి నీరు మెత్తనిది. మా ఇంట వాడుకకు బోరునీరే. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీరు ఆరగానే పొరగా మిగులుతవి. తాగేనీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించరాదనీ, వేరే నీరు దొరకనిచోట 600 దాకా సహించవచ్చుననీ 2012 నాటి భారత ప్రమాణం. కనుక తాగదగిన నీరు కూడా గ్లాసును మరక చేయవచ్చును.

సోదరీమణులారా, ముందు ఆ పొరను నిమ్మచెక్కతో రుద్దండి. వదిలితే సున్నమే. వదలకుంటే గాజే అరిగి ఉండవచ్చు. దానికి మందు లేదు.

చాలా యంత్రాలకు అడుగున ఉప్పు అర ఉంటుంది. నీటిలోని సున్నాన్ని పట్టే గుళికలను ఆ ఉప్పే కడిగి, తిరిగి పనికి సిద్ధంచేస్తుంది. మా అర ఖాళీ! వంట ఉప్పు పనికిరాదు. యంత్రానికని అమ్మే ఉప్పే పోశాము. నీటి కాఠిన్యానికి తగిన అంకె అమర్చాము. జల్లెడ కడిగి, గిన్నెలు లేకుండా నిమ్మఉప్పు వేసి వేడినీటితో ఒకసారి నడిపాము.

మొన్న అమ్మ ఒక గ్లాసు వెలుతురుకు పట్టి చూసి, "ఇందులోనే కాఫీ పొయ్యమను" అన్నది.