చిల్లా ముగిసే దాకా చూపు ఆగదు

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఆస్పత్రి గాజుపెట్టెలో వారాల తరబడి ఉండి ఇంటికి వస్తే ఆ రోజే పండుగ. నానీ నజర్ తీస్తుంది, దాదీ షుక్రానా నమాజు చదువుతుంది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. కాని ఇంకొక గండం చప్పుడు లేకుండా వెంట వస్తుంది. అది కంటి గండం.

నెలలు నిండితే గాని కంటి లోపలి పొర అయిన రెటీనాకు రక్తనాళాలు పూర్తిగా ఏర్పడవు. ముందే పుట్టిన బిడ్డలో అవి అడ్డదిడ్డంగా పెరిగి, ఆ పొరను ఊడదీసి, చూపును శాశ్వతంగా పోగొట్టవచ్చు. పైకి కన్ను మామూలుగానే కనిపిస్తుంది. అందుకే 34 వారాలు నిండకుండా గాని, 2 కిలోల కన్నా తక్కువ బరువుతో గాని పుట్టిన బిడ్డకు 30 రోజులలోపు కంటి పరీక్ష జరగాలన్నది మన దేశంలో వైద్యులు పాటించే నియమం. 28 వారాలలోపు పుట్టిన వారికి, 1200 గ్రాములకు తక్కువ ఉన్నవారికి రెండు మూడు వారాలకే చేయించాలి. సకాలంలో గుర్తిస్తే లేజర్ చికిత్సతో చాలామందికి చూపు దక్కుతుంది.

ఇక్కడే మన చిల్లా అడ్డు వస్తోంది. "నలభయ్యోనాటి స్నానం కానివ్వండి, తర్వాత చూపిద్దాం" అంటారు పెద్దలు. ఆ మాటలో ప్రేమే ఉంది. కాని జబ్బుకు చిల్లా తెలియదు. నిఫాస్ రోజుల్లో తల్లికి నమాజు, రోజా ఉండవు గాని, బిడ్డను తీసుకుని వైద్యుని వద్దకు వెళ్ళకూడదని ధర్మం చెప్పలేదు. గడప దాటకూడదన్నది ఆచారం మాత్రమే. పైగా ఆస్పత్రికి పంపని ఇళ్ళలోనే అఖీఖా నాడు అదే పసికందును యాభై మంది ఎత్తుకుని ముద్దాడతారు. అంటురోగాల భయం నిజమైతే ఆపవలసింది ఆ గుంపును, కంటి పరీక్షను కాదు.

తండ్రులారా! ఆస్పత్రి నుంచి వచ్చే రోజే కంటి పరీక్ష తేదీ చీటీపై రాయించుకోండి. పుట్టినప్పటి నుంచి 42వ రోజు వరకు ఇంటికి వచ్చే ఆశా కార్యకర్తను అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో ఈ జబ్బు కూడా చేరి ఉంది. బిడ్డను తల్లి గుండెకు హత్తుకుని, వెచ్చగా కప్పి తీసుకువెళ్ళండి. ఆటో కిరాయికి కూడా లేని కుటుంబం మొహల్లాలో ఉంటే మస్జిద్ కమిటీ ఆ భారం మోయాలి.

చిల్లా స్నానం రెండు రోజులు వెనక్కి పోయినా తిరిగి వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు.