ముద్దాయి యెవరు?

నయాపూలుమీద నిలిచి పడమటివైపు చూచితిమేని, జయపురవాసి శంకర్‌లాల్ గీచిన నక్షాను ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్ శిలారూపమునకు దెచ్చిన హైకోర్టు భవనము, మూసీ దక్షిణపు గట్టున, 1920లో ద్వారములు తెరచిననాటి ఠీవితోనే దర్శనమిచ్చును. దాని గేటు ముందర, నోటరీ బల్లచెంత, మొన్న ఒక ముసలి రైతు వకాల్తానామామీద వేలిముద్ర నొత్తుచు, "గా దాంట్ల ఏం రాసిండ్రు సారూ?" అని యడిగెను. "నీ పేరే" అనెను గుమాస్తా.

ఈ హైదరాబాదు నగరమున న్యాయశాస్త్రబోధన 1899లోనే ఆరంభమైనది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన పిదప, 1923లో ఎల్.ఎల్.బి. అందు చేరినది. బ్రిటిషిండియా విశ్వవిద్యాలయములు ఇంగ్లీషునే నమ్ముకొనియుండగా, దారుత్తర్జుమా యను అనువాదశాలను నిలిపి, శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి దెచ్చి, దేశభాషలో ఉన్నతవిద్య సాధ్యమని చూపిన సాహసము ఉస్మానియాది. ఆ కీర్తిని కాదనుట నా యుద్దేశము కాదు. అయితే ఉర్దూ కోర్టుభాషయే గాని, కోర్టుమెట్లెక్కు కక్షిదారులలో అధికసంఖ్యాకుల యింటిభాష కాదు. నాటి హైదరాబాదు సంస్థానప్రజలలో ఇంచుమించు సగముమంది తెలుగువారు, తక్కినవారిలో పెక్కురు మరాఠీ, కన్నడములవారు. 1948 పోలీసుచర్య పిమ్మట ఉర్దూ తప్పుకొనగా ఆ పీఠమును ఇంగ్లీషు అధిష్ఠించెను. 1998లో నల్సార్ న్యాయవిశ్వవిద్యాలయము వచ్చెను. దాని శామీర్‌పేట ప్రాంగణమున దేశపు నలుమూలల పిల్లలు చదువుచున్నారు, సంతోషమే. ఇతర న్యాయకళాశాలల ప్రవేశపరీక్షయైన లాసెట్టు ప్రశ్నపత్రము తెలుగులోను ఇత్తురు. గడప దాటిన పిదప మాత్రము పాఠమంతయు ఇంగ్లీషే. తెలుగునకు పిలుపు ద్వారబంధమువరకే!

పాఠము రాకున్నను ఉర్దూ కోర్టుల మాటలు తెలుగులోనికి వచ్చినవి: వకీలు, వకాల్తా, దస్తావేజు, జమానతు, పంచనామా. వీనిలో 'ముద్దాయి' కథ వింతైనది. అరబ్బీనుండి ఉర్దూకు వచ్చిన 'ముద్దయీ' యనగా దావా వేసినవాడు, వాది. ఎదుటిపక్షమువాడు 'ముద్దా అలైహ్'. తెలుగునకు చేరుసరికి ఆ వాదియే నేరము మోసికొని బోనెక్కినాడు. ఫిర్యాదు చేయబోయి తామే కేసులో ఇరుకుకొన్న పల్లెవారి అనుభవమేదో ఈ తారుమారు వెనుక నున్నదేమోనని నాకు తోచును. భాషావేత్తలు క్షమింతురు గాక.

2023లో ఈ హైకోర్టు ధర్మాసనమే యొక భూవివాదమున తెలుగులో తీర్పు వెలువరించెను. న్యాయమూర్తులు చేయగలిగిన పనిని కళాశాలలు బోధింపలేవా? సిద్ధాంతములన్నియు తెలుగు చేయుమని నేను కోరను. దావాపత్రము, ప్రతివాదము, జమానతు దరఖాస్తు తెలుగులో వ్రాయుట నేర్పు పాఠ్యాంశ మొక్కటి చాలును. 2024లో బుద్వేలున నూరెకరములలో క్రొత్త హైకోర్టునకు శంకుస్థాపన జరిగినది. కోర్టు వెంట నోటరీ బల్లయు అచ్చటికే తరలును. పట్టా చేతికిచ్చుటకు ముందు విద్యార్థిని ఆ బల్లకడకే పంపి, పదిమార్కులకు ఒకే ప్రశ్న నిత్తురేని బాగుండును: ఈ వకాల్తానామాలో ఏమున్నదో, వేలిముద్ర వేయుచున్న వృద్ధునికి తెలిసినట్లు చెప్పుము.

— మూసీ బాటసారి