తాళంచెవి ఎవరి దగ్గర?

ఏర్గట్ల లాంటి చోట ఒక స్త్రీ తన మీద జరిగిన హింసను చెప్పుకుంటే, కార్యకర్త దాన్ని కంప్యూటర్లో రాసిపెడుతుంది. ఆ కంప్యూటర్ మరమ్మతుకని నిజామాబాద్ వెళ్తే? గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో తీర్పిచ్చింది. ఫైలుకు తాళం వేసే పని మాత్రం మనదే.

ఆ తాళమే ఎన్‌క్రిప్షన్. ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీని ఉచితంగానే పంచాడు. గ్నూపీజీ, వెరాక్రిప్ట్ ఇవాళా ఉచితమే. మరి కొనడమెందుకు? పాస్‌వర్డ్ మరిచిపోతే వెరాక్రిప్ట్‌లో దాచింది ఇక తెరుచుకోదు. ఆ గండం రాకముందే తెలుగులో నేర్పేవాళ్లు, ఫోనెత్తేవాళ్లు కావాలి. డబ్బు అందుకు పెట్టాలంటాను.

సంఘాలు విడివిడిగా వెళ్తే కంపెనీ చెప్పిందే ధర. పసుపు పండించే ఆడవాళ్లకు ఈ సంగతి ఒకరు చెప్పాలా! అందరం కలిసి ఉమ్మడి లైసెన్సు అడుగుదాం. నలుగురు ఒకే కంప్యూటర్ వాడుకునే ఆఫీసుల్లో మనిషికింత అంటే మోయలేం, కంప్యూటర్‌కింత అనాలి. ఒప్పందం ముగిసినా పాత ఫైళ్లు తెరుచుకోవాలి. అన్నిటికన్నా ముందు, అదనపు తాళంచెవి కంపెనీ దగ్గర ఉండకూడదు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం అడిగితే, చెవి ఉన్నవాళ్లు తెరిచి ఇవ్వాల్సిందే. ఆ నోటీసేదో మన గుమ్మానికే రావాలి, మనకు తెలిసే రావాలి.