బాడుగ ఇంటికి నోటిమాట చాలదు

హోసూరు పరిసరాలలో పరిశ్రమలు పెరిగిన కొద్దీ బాడుగ ఇండ్లు వెలిశాయి. ఒప్పందాలు మాత్రం నేటికీ పెక్కుచోట్ల నోటిమాటలే. 2019 ఫిబ్రవరి 22 నుండి అమలులో ఉన్న తమిళనాడు చట్టం ప్రకారం ఒప్పందం వ్రాతపూర్వకంగా ఉండాలి. బాడుగ అధికారి వద్ద నమోదు కావాలి. ఇరువురూ వేరుగా ఒప్పుకొననిదే అడ్వాన్సు మూడు నెలల బాడుగకు మించరాదు. బాకీ పడ్డారని నీరు, కరెంటు ఆపడమూ చట్టవిరుద్ధమే.

నమోదంటే ఖర్చు, తిరుగుడు అని జంకేవారున్నారు. కాని తగవు వచ్చిననాడు పత్రం లేని యజమానికి చూపడానికి ఆధారమేదీ మిగలదు. అడ్వాన్సు ఇచ్చినవారిదీ అదే గతి. బాడుగకు వచ్చినవారి భాష వేరైతే షరతులను వారికి అర్థమయ్యేట్లు చదివి వినిపించిన పిమ్మటే సంతకం తీసుకొనాలి. తెలియని భాషలోని కాగితంపై సంతకం చేయవలసి రావడం ఎంత ఇబ్బందో సరిహద్దు తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు.